టేపు దొంగ

టీవీలో అమెరికా నాయకుడొకడి కుంభకోణం. ఒక చానెల్ ఆయన్ని దొంగంటోంది, ఇంకొకటి అమాయకుడంటోంది. సిగ్గులేని గొంతులు! ఒళ్లు మండి కట్టేశాను.

చిన్నప్పుడు గజపతినగరంలో మా నాన్న దర్జీ. ఒకరోజు ఆయన టేపును గాలిపటానికి తోకగా కట్టి పోగొట్టాను. అక్కే పారేసిందనుకున్నాడు నాన్న; దెబ్బలు ఆమె తింది.

ఆ సాయంత్రం నాన్న పేపరు చదువుతూ, "ఒసే, అమెరికా పెసిడెంటు టేపులు దాసీసినాడటే! పదవి ఊడిపోతాది," అన్నాడు అమ్మతో. అవి మాటలు రికార్డు చేసిన టేపులని నాకేం తెలుసు? బట్టలు కొలిచే టేపులే అనుకుని, ఇక దొరికిపోయే వంతు నాదేనని తలుపు చాటుకి జరిగాను.

"ఊరుకో బావా! నా పేపర్లో ఆడు మంచోడనే రాసినారు," అన్నాడు అప్పుడే వేరే పేపరు పట్టుకొచ్చిన మావయ్య.

ఆ పూట నుంచి నాకు మావయ్య పేపరే నిజం.

అక్క పోయి ఏడాదైంది. టేపు సంగతి ఆమెకు చెప్పనేలేదు.