రెండో గీత దొరక్కముందే పంచిన లడ్డూలు

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు కరీంనగర్‌లో, ఒక పీజీ కళాశాల భౌతికశాస్త్ర విభాగాధిపతిగా. రిటైరయ్యే ముందు ఏడాది ఎండాకాలంలో, ఎమ్మెస్సీ విద్యార్థిని స్వరూప ప్రాజెక్టు నా చేతికొచ్చింది. బొగ్గుగని కార్మికుడి బిడ్డ, నడిచినా ఉరికినట్టే ఉండేది.

పని చెప్పడానికి తేలిక. క్వేసార్ అంటే ఎంతో దూరాన వెలిగే మహా దీపం. దాని వెలుగు వచ్చే దారిలో ఏదైనా గెలాక్సీ తగిలితే, దాని చుట్టూ ఉన్న వాయుమేఘం కొంత వెలుగును మింగేస్తుంది. వర్ణపటంలో అక్కడ నల్లగీత పడుతుంది. మేఘం కంటికి కనిపించదు, గీతే సాక్ష్యం. ఆ మేఘంలోని మెగ్నీషియం వేసే గీతలు మాత్రం ఎప్పుడూ జంటగానే, లెక్క ప్రకారమే వస్తాయి. ఒక్కటే చూపిస్తే మా వృత్తిలో చెల్లదు.

స్వరూపకు, దారిలో ఉన్న ఒక గెలాక్సీ దూరానికి సరిపోయే చోట మొదటి గీత దొరికింది. ఆగలేక ఇంటికి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా వాళ్ల బాపు గని కాలనీ అంతా లడ్డూలు పంచి, నాకు ఫోన్ చేశారు.

"మేడం, మా బిడ్డ మబ్బును వట్టిందట గదా! గది ఎంత పెద్దగుంటది?"

గెలాక్సీ కంటే పెద్దదన్నాను.

"అబ్బో! గట్లయితే ఇంకో కిలో తెస్త."

చూస్తే రెండో గీత ఉండాల్సిన చోట మన గాలిలోని ఆక్సిజన్ వేసిన నల్లటి పట్టీ! స్వరూప ముఖం వాడిపోయింది. "జోడి లేకుంటే ప్రాజెక్టు పాయె మేడం, మా బాపు ఇజ్జత్ పాయె."

దీనికి మాకో పద్ధతి ఉంది. అదే టెలిస్కోపుతో అదే రాత్రి తీసిన మామూలు నక్షత్రపు వర్ణపటంలోనూ ఆ పట్టీ ఉంటుంది. దానితో భాగిస్తే గాలి మచ్చ పోతుంది. భాగించాం, సగమే పోయింది. నక్షత్రం నడినెత్తిన ఉండగా, క్వేసార్ కిందికి వాలాక తీసినవవి. క్వేసార్ వెలుగు ఎక్కువ గాలిని దాటొచ్చింది. స్వరూప ఆ తేడా సరిదిద్ది మళ్లీ భాగించింది.

లెక్క చెప్పిన చోటే, మొదటిదానికన్నా కాస్త పలచగా, రెండో గీత!

"గదిగో మేడం, జోడి!" అని ఆమె ఎగిరింది. నేను హోదా మరిచి బల్ల చరిచాను. అంత సంతోషం నాకు ప్రమోషన్‌కు కూడా కలగలేదు.

వెంటనే ఇంటికి ఫోన్ కలిపింది. "బాపు, మబ్బు ఇప్పుడు దొరికింది!"

స్పీకర్‌లో వాళ్ల బాపు అడిగారు: "మరి మొన్నటి లడ్డూలు దేనికి పంచినం బిడ్డా?"

"గవి అడ్వాన్సు బాపు!"

నేర్చుకున్నది ఇదీ: ఒక్క గీత చూసి ఇంటికి ఫోన్ చేయకూడదు. రెండూ చూశాక ఒక్క నిమిషం ఆగకూడదు. ఈసారి లడ్డూలు నేనే తెప్పించాను.