ప్రొద్దుటూరులో ఇల్లు ఎందుకు తీసుకున్నానంటే

గండికోట చూడ్డానికి వెళ్లే కుర్రాళ్లు ఈమధ్య నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు. జమ్మలమడుగు చుట్టుపక్కల పాడుబడ్డ మిద్దెలు, మూతపడ్డ మిల్లులు ఉన్నాయా, లోపలికి వెళ్లి ఫోటోలు తీసుకోవచ్చా అని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు, ఆ ప్రాంతంలో నేను ఇల్లు వెతుక్కోవడానికి వెళ్లిన రోజు సంగతి ఇక్కడ చెబుతాను. అప్పటికి ఫ్యాక్షన్ ఇంకా పోలేదు. అసెంబ్లీ ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి.

నాకు చిన్నప్పటి నుంచీ ఖాళీ కట్టడాలంటే పిచ్చి. గుంటూరులో మా వీధి చివర వాడకం లేని పొగాకు గోదాములు ఉండేవి. బడి ఎగ్గొట్టి వాటిలో తిరిగేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక ఏ ఊరికి బదిలీ అయినా, దగ్గర్లో మూతపడ్డ సినిమా హాలో, పాత మిల్లో ఉన్న వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకునేవాణ్ణి. మా ఆవిడ వసుంధర దీనికి పాడుకొంపల పిచ్చి అని పేరు పెట్టింది. అప్పుడు నేను డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీలో పనిచేసేవాణ్ణి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ నా కింద పెట్టి, వాటిలో ఎక్కడైనా కాపురం పెట్టుకోమన్నారు. "నీళ్లు, బడి, మంచి ఇరుగుపొరుగు. ముందు ఈ మూడూ చూడు. తరవాతే నీ కొంపలు" అని చెప్పి పంపింది వసుంధర.

కడపలో తెల్లవారగానే బస్సెక్కితే గంటన్నరలో ప్రొద్దుటూరు. ఇప్పటికీ అంతే పడుతుంది. అప్పట్లో రైల్లో వచ్చేవాళ్లు ఎర్రగుంట్లలో దిగాల్సి వచ్చేది. బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిని, ఒక బ్రోకరు చెప్పిన ఇంటికి వెళ్లాను. మేడ మీద రెండు గదులు. కిటికీ తెరిస్తే ఎదురుగా మూతపడ్డ వేరుశనగ నూనె మిల్లు. రేకుల కప్పులోంచి రావి మొక్క పైకి వచ్చింది. నాకు అప్పుడే అడ్వాన్సు ఇచ్చేయాలనిపించింది. ఇంటాయన మాత్రం నా ఉద్యోగం గురించి అడగలేదు.

"ఇంతకీ మీరు యా పార్టీ?" అన్నాడు.

"ఏ పార్టీ కాదండీ. మాది గుంటూరు."

"గుంటూరైతే ఓటెయ్యరా ఏంది?" అని నా మొహంలోకి చూశాడు. ఎన్నికలు కానీ, అప్పుడు మాట్లాడుకుందామన్నాడు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

మిగతా రెండు ఊళ్లూ ఒక్క రోజులో చూడాలంటే బస్సులతో కాదని, ట్యాక్సీ స్టాండులో ఒక అంబాసిడర్ మాట్లాడాను. సాయంత్రం దాకా డీజిలుతో కలిపి ఎనిమిది వందలు. డ్రైవరు పేరు ఖాజా. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. రోడ్డు మీద పోయే ప్రతి జీపుకూ ఏదో ఒక జెండా ఉంది, ఖాజా కారుకు లేదు. ఎందుకని అడిగాను.

"యా జెండా కట్టినా ఏదో ఒక ఊర్లో అద్దం పగుల్తాది సార్. మనకెందుకు?" అన్నాడు.

జమ్మలమడుగు పెన్నకు ఆనుకుని ఉంటుంది. ఏట్లో నీళ్లు లేవు, ఇసకలో చెలమలు తవ్వుకుని ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. పాత మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో కమలమ్మ టీచరు గారి ఇంట్లో ఒక భాగం ఖాళీగా ఉందని మా ఆఫీసులో చెప్పారు. ఆమె తాతల కాలం నుంచీ వాళ్లు క్రైస్తవ మిషన్ వాళ్లే. ఆమె బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఎత్తైన కప్పు, కడప బండల నేల, పెరట్లో బావి. చల్లటి మజ్జిగ ఇచ్చి నా గురించి అన్నీ అడిగి తెలుసుకుంది. పాత కట్టడాలు చూస్తానని చెబితే ఆమె మొహం మారింది.

"చూడు నాయనా, ఇల్లు నీకే ఇస్తా. అయితే ఓట్లు అయ్యేదాకా పల్లెల్లో దిగొద్దు. కొత్త మొగం కనపడితే ఎవురు పంపించినారో అని చూస్తాండారు. నువ్వు ఎవురో చెప్పేలోపలే అయిపోతాది."

నేను తల ఊపాను. అక్కడితో ఆగి అడ్వాన్సు ఇచ్చి వెనక్కి వచ్చేస్తే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. పులివెందుల కూడా చూసి నిర్ణయించుకుందామని బయల్దేరాను.

ముద్దనూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా చీనీ, అంటే బత్తాయి తోటలు, మధ్యలో బీళ్లు. మధ్యాహ్నం ఎండకు మనుషులెవరూ కనపడలేదు. ఒక పల్లె దగ్గర, రోడ్డుకు కొంచెం లోపలగా, ఆ మిద్దె కనిపించింది. రెండంతస్తులు, చుట్టూ నిలువెత్తు రాతి గోడ. కింది కిటికీలన్నిటికీ బండలు నిలబెట్టి సిమెంటు పూశారు. అంతటి ఇల్లు ఖాళీగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు.

"ఖాజా, ఒక్క పది నిమిషాలు ఆపు."

"వద్దు సార్. అది ఇడ్సిపెట్టి పోయిన ఇల్లు. చంపులాట అయినాక ఆ ఇంటాయప్ప కుటుంబమంతా ఊరు ఇడ్సిపెట్టినారు."

"ఎవరూ లేరుగా మరి?"

"ఎవురూ ల్యాకపోతేనే భయం సార్."

నేను కెమెరా మెడలో వేసుకుని దిగేశాను. అతను బండి వేపచెట్టు కింద పెట్టి, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు.

గేటుకు తాళం ఉంది. చుట్టూ తిరిగి వెళితే వెనక గోడ ఒక చోట మనిషి పట్టేంత కూలి ఉంది. అందులోంచి లోపలికి వెళ్లాను. నా ఒంట్లో ఆ పాత ఉత్సాహమే. వెనక గోడ కూలిన చోట ఒక ఫోటో, మిద్దె మీదికి పోయే మెట్లు ఒకటి, ఇనప రేకు కొట్టిన తలుపు, దాని వెనక అడ్డంగా వేసే మానంత గొళ్లెం ఒకటి తీసుకున్నాను. వంటింట్లో ఒక స్టీలు గ్లాసు పొయ్యి గట్టు మీదే ఉంది. పైకి ఎక్కాక మొదటిసారి భయం వేసింది. పిట్టగోడ పొడవునా చేతికి సరిపడే రాతిగుండ్లు కుప్పలుగా పేర్చి ఉన్నాయి. ఇల్లు విడిచిపెట్టి పోయారని ఖాజా అన్నాడు. ఆ రాళ్లకు దుమ్ము లేదు.

కిందికి దిగేసరికి ముంగిట్లో ముగ్గురున్నారు. ఒకడు వచ్చి నా చొక్కా పట్టుకుని గోడకు ఆనించాడు. ఇంకొకడి చేతుల్లో గుడ్డసంచి ఉంది. పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా దాన్ని మూల నీడలో దించాడు. దించాక అందరూ దానికి ఎడంగా జరిగారు. సంచిలో ఉన్నవి నాటుబాంబులని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చొక్కా పట్టుకున్నవాడు నన్ను అక్కడే నేల మీద కూర్చోబెట్టాడు.

మూడోవాడు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి. మిగతా ఇద్దరూ ఆయన్ని మామా అంటున్నారు. ఆయన గొంతు పెంచలేదు.

"ఎవురు పంపించినారప్పా నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ. పాత ఇళ్లు చూడటం నాకు అలవాటు."

"యాడ దూరినావు?"

"వెనక... గోడ పడిపోయిన చోట."

ఆయన పక్కవాడి వైపు చూశాడు. "ఏమేం పటాలు తీసినావు?"

అబద్ధం చెప్పే తెలివి కూడా లేకుండా పోయింది. గోడ, మెట్లు, తలుపు, గొళ్లెం అని వరసగా చెప్పాను. చెబుతుంటేనే నాకు అర్థమైంది. ఎన్నికలకు ఈ ఇంటి మనిషి తిరిగి ఊళ్లోకి వస్తున్నాడు. వీళ్లు అతని మనుషులు. అతన్ని చంపాలనుకునేవాడికి ఏం కావాలో సరిగ్గా అవే నేను ఫోటోలు తీసుకున్నాను.

"గొళ్లెం ఎందుకు?" అన్నాడాయన.

"బాగుందని."

చొక్కా పట్టుకున్నవాడు నవ్వాడు. మిగతావాళ్లు నవ్వలేదు. పెద్దమనిషి నా పక్కన గొంతుక్కూర్చుని, ఈ జిల్లాలో నన్ను ఎరిగినవాళ్ల పేరు ఒక్కటి చెప్పమన్నాడు. కమలమ్మ గారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమెది ఏ పక్షం అనుకుంటారో, రేపు ఆమె గుమ్మం ముందు ఎవరు నిలబడతారో తెలియదు. వేములలో మా పైపులు వేసుకున్న రైతు ఒకాయన ఉన్నాడు. ఆయనదీ అంతే. నోరు మూసుకున్నాను. నేను చెప్పకపోయేకొద్దీ ఆయన కళ్లు చిన్నవవుతున్నాయి. వసుంధరకు ఈ కబురు ఎవరు చెబుతారు, అసలు ఎవరైనా చెబుతారా అన్న ఆలోచన తప్ప నా మనసులో ఇంకేమీ లేదు.

అప్పుడు కూలిన గోడ దగ్గర నుంచి "మామా, నేను ఖాజాను" అని కేక వినపడింది. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు కనపడేలా పెట్టుకుని వస్తున్నాడు. అతను ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడనుకున్నాను.

పెద్దమనిషి అతన్ని గుర్తుపట్టాడు. "నువ్వు పొద్దుటూరు ట్యాక్సీ ఖాజావి కదా? ఈయప్పను తెచ్చింది నువ్వేనా?"

"నేనే మామా. పైపుల కంపెనీ మనిషి. ఇల్లు బాడుగకు చూసుకోను వచ్చినాడు. ఈ తట్టు ఊర్ల సంగతి తెల్దు. తెలిసుంటే దిగుతాడా? నేను పూచీ."

"పూచీ అంటే ఏందో తెలుసా ఖాజా నీకు?"

"తెలుసు."

"ఈయప్ప మూలంగా ఈ ఇంటికి ఏమన్నా అయితే..."

"నా ఇల్లు యాడుందో నీకు తెలుసు గదా మామా" అన్నాడు ఖాజా.

పెద్దమనిషి నా మెడలోని కెమెరా తీసుకుని, తెరిచి, రీలు బయటికి లాగి, మొత్తం ఎండలో పరిచాడు. ఖాళీ కెమెరా నా ఒళ్లో పెట్టాడు. "పో" అన్నాడు, నన్ను కాదు, ఖాజాను చూసి.

వచ్చిన దారినే వెనక్కి వెళితే బాగుండదని ఖాజా ముందుకే పోనిచ్చాడు. పులివెందులలో నాకోసం రెండు ఇళ్లు చూసిపెట్టి ఉంచారు. నేను కారు దిగలేదు. గోడల మీద పార్టీల రాతలు, రోడ్డు పక్క నిలబడ్డ జీపులు, వాటిలోంచి మమ్మల్ని చూస్తున్న మనుషులు. ఆ ఊరి గురించి నాకు గుర్తున్నది అంతే. వేముల మీదుగా వేంపల్లె వైపు వచ్చాక, గండి ఆంజనేయస్వామి దగ్గరికి చీలే దారిలో టీ కొట్టు దగ్గర బండి ఆపాడు. టీ గ్లాసు ముట్టుకోకుండా అతను మేం వచ్చిన దారి వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఎందుకొచ్చావు ఖాజా? వెళ్లిపోవాల్సింది."

"బండి నంబరు చూసినారు సార్. పోయినా వస్తారు." కాసేపాగి, "అది ఒకటే కాదులే. నువ్వు నా బండ్లో వచ్చిన మనిషివి. మీ ఇంట్లో అడిగితే ఏం చెప్పేది?" అన్నాడు. సారు అంటూనే నువ్వులోకి వచ్చేశాడు. "ఇంగొక మాట. యాడ ఇల్లు తీసుకుంటావు?"

జమ్మలమడుగులో అనుకుంటున్నానన్నాను.

"వద్దు సార్. నీకు పూచీ పడినా. నువ్వు యాడుండావో, యాడికి పోతాండావో నాకు తెలిసుండాల. మా ఈదిలో ఒక ఇల్లుంది. నా కండ్ల ముందర ఉండు."

అలా నేను ప్రొద్దుటూరులో ఖాజా ఇంటికి నాలుగిళ్ల అవతల కాపురం పెట్టాను. కమలమ్మ గారికి మాత్రం పిల్లలకు బడి దూరమవుతుందని సాకు చెప్పి కబురు చేశాను. ఇరుకు వీధి, చుట్టూ మగ్గాల చప్పుడు, చూద్దామంటే ఒక్క పాడుకొంప లేదు. ఖాజా రోజూ పొద్దున, సాయంత్రం వచ్చి "సార్ ఉండాడా అమ్మా?" అని అడిగి వెళ్లేవాడు. వారం చూసి వసుంధర నన్ను నిలదీసింది. మొత్తం చెప్పాను. ఆమె తిట్టలేదు. మర్నాడు ఖాజా వాళ్లింటికి వెళ్లి అతని భార్య దగ్గర చాలాసేపు కూర్చుని వచ్చింది. వచ్చాక, "ఎప్పుడు ఊరు వదలాల్సి వస్తుందోనని వాళ్లు ట్రంకుపెట్టె సర్దుకుని వాకిట్లో పెట్టుకున్నారు, తెలుసా?" అంది. ఓట్లు అయ్యేదాకా నేను పని మీద తప్ప ఊరు దాటలేదు. దాటినా ఖాజా కారులోనే.

పోలింగు రోజు మధ్యాహ్నం ఆ పల్లెలో బాంబులు పడ్డాయని కబురు వచ్చింది. ఖాజా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వసుంధర అన్నం పెడతానన్నా లేవలేదు. వీధిలో మోటారు సైకిలు చప్పుడైతే చాలు, ఇద్దరం తలెత్తి చూసేవాళ్లం. ఆ పల్లె వైపు నుంచి వచ్చిన లారీ మనిషి ఒకడు కనపడితే ఖాజా పరిగెత్తాడు. తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చుని మొహం తువ్వాలులో పెట్టుకున్నాడు.

"ఆ ఇంటి కాడ కాదంట సార్. ఓట్లేసే కాడంట. ఒగ మనిషి పోయినాడంట."

మేమిద్దరం గట్టిగా ఊపిరి తీసుకున్నాం. ఒక మనిషి చచ్చిపోయాడని విని అలా ఊపిరి తీసుకున్నామని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. తరవాత చాలాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ వీధిలో మేం ఐదేళ్లున్నాం. ఇప్పుడు ఆ ప్రాంతం బాగా మారింది. గండికోటకు కుటుంబాలతో వెళ్తున్నారు, బస్సులు తరచుగా ఉన్నాయి, ఆ రోజులు గుర్తులేని పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నేను కూడా మళ్లీ పాత కట్టడాలు చూస్తూనే ఉన్నాను. అయితే గుమ్మంలో కాలు పెట్టే ముందు ఇప్పటికీ ఒకసారి ఆగి చుట్టూ చూస్తాను. ఆ ఇల్లు ఎవరు ఎందుకు వదిలి వెళ్లారో, తిరిగి రావాలని ఎవరు కాచుకుని ఉన్నారో నాకు తెలియదు కదా అనిపిస్తుంది. నా పిచ్చికి నేనొక్కణ్ణే బాధ్యుణ్ణని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నా తరఫున ఇంకొకాయన తన ఇల్లు ఒడ్డాడు. అది తలుచుకుంటే ఆ రోజు నా గురించి పడ్డ భయం కంటే అతని గురించి పడ్డ భయమే ఇప్పటికీ ఎక్కువగా గుర్తొస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఆ పల్లెల్లో ఖాళీ ఇల్లు కనపడితే కెమెరా సంచిలోంచి తీయకముందే దగ్గర్లోని టీ కొట్టులో కూర్చుని, మీ పేరు, ఊరు, పని చెప్పి, ఆ ఇల్లు ఎవరిదో అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు తటపటాయిస్తే టీ తాగేసి, మిమ్మల్ని తెచ్చిన డ్రైవరుతో పాటే బండెక్కి వచ్చేయండి.