ఇరవై రెండు సూదులు

"ఏం కాదులే" అన్న మాట వింటే వసంతమ్మకు ఒళ్లు మండేది. ఏమవుతుందో తెలియనివాళ్లే ఆ మాట అంటారని ఆమె నమ్మకం.

ఆమె బాల్కొండ దగ్గర పసుపు పండించే ఇంట్లో పుట్టింది. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రగా ఎందుకు మారుతుందని ఏడేళ్లప్పుడు అడిగితే, "మారుతది, గంతే" అన్నది తల్లి. ఆ "గంతే"ను ఓర్చుకోలేకనే కాబోలు, హైదరాబాదు పోయి బీయెస్సీ చదివి వచ్చింది. బోధన్‌లో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరైంది. చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరుకు తోటలు చూసే ఆత్మారాంను పెళ్లి చేసుకుంది. కూతురు సుగుణ పుట్టాక, చదివిన సైన్సంతా ఆమెలో భయంగా మారింది. పాలు పొంగితే చాలదు, గడియారం చూసి కాచాలి. పిల్ల తుమ్మితే ఎన్ని తుమ్ములో లెక్క ఉండాలి.

1967 డిసెంబరులో నాలుగేళ్ల సుగుణకు దగ్గు పట్టుకుంది. పది రోజులైనా తగ్గలేదు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతున్నది. నిజామాబాదు తీసుకెళ్లి రొమ్ము ఫోటో తీయించమన్నారు. ఆత్మారాంకు గానుగ సీజను, తోటల మీద నుంచి ఇంటికి రావడమే గగనం. పిల్లను చూసుకోవడానికి రెంజల్ నుంచి అత్త హన్మవ్వ వచ్చి ఉంది. ప్రయాణం రోజు వసంతమ్మ బడికి పోయి సెలవు చీటి ఇచ్చి వచ్చేసరికి, హన్మవ్వ పిల్లకు ఫ్లానల్ చొక్కా తొడిగి, తల దువ్వి, గడపలో కూర్చోబెట్టింది. తల్లీ కూతురూ బస్సెక్కారు.

నిజామాబాదులో దేవిదాస్ డాక్టరు దవాఖానలో ఎక్స్-రే మిషను నడిపేవాడు మోషే. నల్లగా, సన్నగా, మెడలో శిలువ గొలుసుతో ఉంటాడు. వసంతమ్మ దారిలోనే పిల్ల గాజులు, గొలుసు, మొలతాడు, తలపిన్నులు అన్నీ తీసి రుమాల్లో మూటకట్టింది. లోహమనేది ఒంటి మీద లేకుండా చేశానని ఆమెకు కాస్త గర్వం కూడా.

"కిరణాలు ఎంతసేపు వదులుతరు?" అని అడిగింది.

"చిటికేసినంత సేపు, టీచరమ్మా."

"చిటికంటే? సెకనుల ఎన్నో వంతు?"

"నా చిటికంత" అన్నాడు మోషే. బల్ల మీద కూర్చున్న రోగులు నవ్వారు. "చొక్క గుడ ఇప్పుండ్రి."

"ఎందుకు? బట్టకు కిరణాలు ఆగవు. గీ చలిల జరం పిల్లను గట్ల నిలవెట్టాల్నా?"

"చొక్క ఇప్పాలె, గది రూలు, టీచరమ్మా."

"రూలు కాదు, కారణం చెప్పు."

మోషే తలుపు వైపు చూశాడు. వెనక పదిమంది వరుసలో ఉన్నారు. "సరే, మీ ఇష్టం" అని చొక్కాతోనే నిలబెట్టాడు. చీకటి గది, చల్లటి పలక, గుర్రుమనే మిషను. సుగుణ బెదిరిపోయి గుక్కపట్టి ఏడ్చింది.

మధ్యాహ్నానికి దేవిదాస్ డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాడు. రొమ్ము పై భాగంలో రెండు పక్కలా రెండు తెల్లటి మచ్చలు. కుడివైపు మచ్చకు కిందికి సాగిన తోక ఉంది.

"గీ తోక జూడుండ్రి, టీచరమ్మా. రోగం కిందికి పాకుతున్నది. క్షయ. తొంభై సూదులు, దినాం ఒకటి."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం నాలుగింటికి కంపౌండరు రాజలింగు సైకిలు గంట మోగేది. గంట వినగానే సుగుణ మంచం కిందికి దూరేది. హన్మవ్వ బయటికి లాగేది, వసంతమ్మ కాళ్లు పట్టుకునేది. మందు పెట్టెలోని చిన్న కాగితాన్ని ఆమె మొదటి రోజే చదివింది. ఎక్కువ రోజులు వాడితే చెవి నరం దెబ్బతినవచ్చని అందులో ఉంది. ఆ రోజు నుంచి పిల్ల వెనక నిలబడి మెల్లగా పిలిచి, తిరిగి చూస్తుందా లేదా అని కనిపెట్టడం ఆమెకు అలవాటైంది. వారానికోసారి ఇంటికి వచ్చే ఆత్మారాం, "ఏం కాదులే, మంచి డాక్టరే" అన్నాడు. ఆ పూట ఆమె అతనికి అన్నం పెట్టి లేచిపోయింది.

పద్నాలుగో సూది నాటికి జ్వరం పోయింది. తలకు పోద్దామని నీళ్లు కాచింది. చాకలికి వేయాల్సిన బట్టల మూట విప్పితే, నిజామాబాదు పోయినప్పటి ఫ్లానల్ చొక్కా చేతికి వచ్చింది. లోపలివైపు రెండు సింధూరపు మరకలు, నూనెతో గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కుడివైపు దానికి తోక ఉంది.

"అత్తమ్మా, గిదేంది?"

"హన్మంతుని సిందూరం. నువ్వుల నూనెల కలిపి రొమ్ముకు మందంగ వూసిన. దగ్గుకు మంచిది."

"ఎప్పుడు?"

"నువ్వు బడికి సెలవు చీటి ఇయ్యవోయినప్పుడు. మీరు ఇంటికొచ్చినంక నేనే చొక్క ఇప్పి తుడిచిన. నీకు జెప్తె ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను."

"గందుకే జెప్పలె."

అత్తను తిట్టడానికి లేదు. చొక్కా విప్పమన్నవాడితో వాదించింది తనే కదా.

మిగిలిన సింధూరం పొట్లం తీసుకుని అప్పటికప్పుడు బడికి పోయింది. బొగ్గు ముక్కలో గుంట చేసి, అందులో చిటికెడు సింధూరం, సోడా కలిపి వేసి, సన్న గొట్టంతో దీపం మంటను దాని మీదికి ఊదింది. దవడలు నొప్పి పుట్టేదాకా ఊదితే, ఎర్ర పొడి కరిగి ఆవగింజంత మెరిసే గుండు మిగిలింది. చల్లారాక కాగితం మీద రాస్తే బూడిదరంగు గీత పడింది. సీసం. కిరణాలను ఆపడంలో దాన్ని మించింది లేదని ఏటా తొమ్మిదో తరగతికి చెప్పేది ఆమే.

ఆ గుండును పట్టుకుని మర్నాడే దేవిదాస్ డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన దాన్ని అరచేతిలో దొర్లించి చూశాడు.

"సరే, సీసమే. మళ్ల ఫోటో తీస్తమనుకో. మచ్చలు కనవడవు. గప్పుడు నేనేమనుకోవాలె? సింధూరం పోయిందనుకోవాల్నా, సూదులు పనిజేసినయనుకోవాల్నా?"

ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో ఎట్లా తెలుస్తుందని, ఇదే ప్రశ్నను ఆమె పిల్లలకు పరీక్షలో ఇచ్చేది.

"అయితె సూదులు ఆపొద్దా?"

"నేను ఆపమన. రేపు పిల్లకేమన్న అయితె జిమ్మెదారి ఎవరిది? నీదా?"

ఆ వారం ఇంటికి వచ్చిన ఆత్మారాంకు చెబితే అతనూ అదే అన్నాడు. "నీకు నూటికి నూరు పాళ్లు తెలుసా, దానికి రోగం లేదని?" తెలియదు. ఆ తెలియకపోవడమే ఆమెను కాల్చింది. రోగం లేని పిల్లకు సూదులు వేయిస్తున్నదో, రోగమున్న పిల్లకు మాన్పించాలని చూస్తున్నదో తెలియకుండానే సాయంత్రం నాలుగింటికి కాళ్లు పట్టుకోవాలి. అత్త సంగతి ఇంకో రకం. "నా సామి సిందూరానికి సీసమని పేరు వెట్టిందమ్మా, పెద్ద సదువరి" అని పక్కింటి పెంటవ్వతో అనడం గోడ ఇవతలికి వినిపించింది.

పందొమ్మిదో సూది నాడు బడి నుంచి నడిచి వస్తుంటే, ఫ్యాక్టరీ దారిలో చెరుకు బండ్లు అడ్డం తిరిగి కదలకుండా నిలిచాయి. బండ్లవాళ్లు ఒకరినొకరు మరాఠీలో, తెలుగులో తిట్టుకుంటున్నారు. చెరుకు మడ్డి వాసన మధ్య నిలబడి ఆమె ఆ రెండు కారణాలను విడదీయడం ఎలాగా అని వెయ్యోసారి ఆలోచించింది. సింధూరం పిల్ల ఒంటి మీద నుంచి పోయింది. ఒంట్లోకి మందు వెళ్లింది. రెండూ పిల్లకే జరిగాయి. అంతలో తట్టింది. చొక్కాకు సూదులు వేయలేదు కదా!

మూడు రోజులు వెంటపడితే డాక్టరు ఒప్పుకున్నాడు. "ఒకటే ఫిల్ము. బజార్ల దొరుకుత లేవు. ఇంకోటి అడగొద్దు."

మోషే తల గోక్కున్నాడు. "చొక్కకు ఫోటోనా? ఇరవై ఏండ్ల నౌకరిల బట్టకు ఫోటో తియ్యలేదు, టీచరమ్మా."

"పెద్దోళ్ల ఫిల్ము తీసుకో, మోషే అన్నా. సగం పిల్లకు, సగం చొక్కకు."

అతనికి ఆ పని నచ్చింది. సీసపు రేకుతో సగం మూసి, ముందు చొక్కాను పరిచి తీశాడు. పిల్ల వంతు వచ్చేసరికి చిక్కు మొదలైంది. సుగుణ తలుపు చెక్కను రెండు చేతులా కరుచుకుంది. "సూది ఒద్దు, సూది ఒద్దు" అని ఒకటే కేక. కదిలితే ఫిల్ము పాడవుతుంది. మళ్లీ ఫిల్ము లేదు. పైగా ఇంకోసారి కిరణాలు పిల్ల ఒంట్లోంచి పోతాయన్న దిగులు ఆమెను లోపల నలుపుతున్నది.

మోషే గొంతుకూర్చుని అడిగాడు. "బిడ్డా, చెరుకు తింటవా?"

ఏడుపు కాస్త ఆగింది. "ఆఁ."

"అయితె నోరు నిండ రసం వట్టు. మింగొద్దు, ఉమ్మొద్దు, నేను జెప్పేదాక."

"చెరుకేది?"

"ఉత్తుత్తిదే."

"ఉత్తుత్తిది నాకొద్దు."

"ముందుగాల ఉత్తుత్తిది, ఎనకకు నిజంది. బోధన్ పిల్లవు, రసం వట్టుడు రాదా?"

పౌరుషం వచ్చింది. వసంతమ్మ తనే చొక్కా విప్పి, తడిబట్టతో రొమ్ము రెండుసార్లు తుడిచి, పలకకు ఆనించి నిలబెట్టింది. సుగుణ బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టింది. మిషను గుర్రుమని ఆగింది.

చీకటి గదిలోంచి మోషే తడి ఫిల్మును తీసుకొచ్చి తీగకు తగిలించాడు. నీళ్లు కారుతుండగానే ఆమె దగ్గరికి పోయి చూసింది. ఒక సగంలో పిల్ల పక్కటెముకలు, వాటి మధ్య రెండు వైపులా మచ్చలేని నలుపు. రెండో సగంలో ఎముకలు లేవు. ఖాళీ నలుపులో రెండు తెల్లటి మచ్చలు, కుడివైపు దానికి తోక. రోగం పాకిన తోక కాదు, హన్మవ్వ బొటనవేలు జారిన తోక.

దేవిదాస్ డాక్టరు పాత ఫిల్మును, కొత్త ఫిల్మును కిటికీకి ఆనించి తోకతో తోకను పోల్చుకున్నాడు. తర్వాత మోషే మీదికి తిరిగాడు.

"చొక్క ఇప్పకుండ ఎట్ల తీసినవయ్యా? గియ్యాల కొత్తగ నేర్చుకుంటున్నవా?"

మోషే కిటికీ అంచున కారిన నీళ్లు తుడవసాగాడు. అతను తప్పు తన మీదికి తోయడని వసంతమ్మకు అర్థమైంది.

"ఆయన ఇప్పమన్నడు. నేనే ఒద్దన్న. బట్టకు కిరణాలు ఆగవని పాఠం చెప్పిన."

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "ఎన్నయినయి?"

"ఇరవై రెండు."

ఆయన కలం తీశాడు. చీటి మీద సూదులు ఆపమని రాసి, మూడు నెలలకోసారి బరువు చూపించమని కింద ఇంకో ముక్క రాసి ఇచ్చాడు. ఆమె ఆ చీటిని నాలుగుసార్లు చదివింది. సంతోషం వస్తుందనుకుంది. ఇరవై రెండు సాయంత్రాలు తన చేతుల కింద కొట్టుకున్న ఆ కాళ్లే గుర్తుకొచ్చాయి.

మోషే కొనిచ్చిన చెరుకు ముక్కతో సుగుణ బస్సులో ముందు సీటు ఎక్కింది. తల్లి పక్కన కూర్చోనంది. వసంతమ్మ వెనక సీటులో కూర్చుని మెల్లగా పిలిచింది.

"సుగుణా."

తిరగలేదు. బస్సు ఇంకా కదలలేదు, చప్పుడు కూడా లేదు. మళ్లీ అంతే మెల్లగా పిలిచింది.

పిల్ల చెరుకు పిప్పిని కిటికీలోంచి ఉమ్మి, తల తిప్పకుండానే అన్నది.

"ఇనవడ్తుంది. నీతోని మాట్లాడ."