కూర్చుంటే లేవలేని మేస్త్రి

టైల్స్ మేస్త్రి శామ్సన్ చోడవరంలో ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళకు నేల పరుస్తున్నాడు. పొద్దున్న గొంతుక్కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేచేవాడు. మందు ముట్టడు. తండ్రి గుండెపోటుతో పోయాడు కాబట్టి, తన రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువుందనగానే భయపడ్డాడు. బస్టాండు పక్క ప్రైవేటు డాక్టరు రాసిచ్చిన మాత్రను ఒక్కరోజు కూడా మానలేదు.

రెండు నెలలకు తొడలు నొప్పెట్టడం మొదలైంది. తర్వాత భుజాలు. తల దువ్వుకుందామన్నా చెయ్యి పైకి లేవనంది.

"సార్, కూకుంటే లెగలేకపోతన్నాను," అని డాక్టరుకు చెప్పాడు.

డాక్టరు ఫోన్లోంచి తలెత్తలేదు. "వయసు. నేలమీద కూర్చోకు."

"టైల్స్ పనండి బాబూ నాది. కుర్సీలో కూకుని ఎలాగెయ్యను?"

డాక్టరు అప్పటికే మరో పేషెంటును పిలిచేశాడు. అవే మాత్రలకు ఒక నొప్పి మాత్ర కలిపాడంతే.

సత్యారావు అనే ఆసామి ఇంట్లో బాత్రూమ్ పని చేస్తూ, లేవబోయి తడి సిమెంటులో కూలబడ్డాడు శామ్సన్. గుమ్మంలోంచి ఇంటాయన చూశాడు.

"ఏటి శామ్సనూ, పొద్దున్నే ఏసేసొచ్చేవా?"

"నాను తాగనండి."

"అందరూ అదే సెప్తారు."

కూలీలు నవ్వారు. శామ్సన్ గోడ పట్టుకుని లేచాడు. తన కాళ్ళను చూస్తే తనకే రోత పుట్టింది. ఇంట్లో ఇంకా హీనం. మరుగుదొడ్డిలో కూర్చున్నవాడు లేవలేక భార్య జెరూషాను కేకేయాల్సి వచ్చేది. ఆమె చంకల కింద చేతులేసి లేపుతుంటే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఆ తర్వాత అన్నం సయించేది కాదు.

ఇంతలో దగ్గు పట్టుకుంది. ఏమేం మందులు వాడుతున్నావని అడక్కుండానే అదే డాక్టరు యాంటీబయాటిక్ రాశాడు. నాలుగో రోజుకు మూత్రం టీ డికాషన్ రంగుకు తిరిగింది.

"ఇంక ఆ డాక్టరు కాడికొద్దయ్యా," అంది జెరూషా. మందులన్నీ సంచిలో వేసుకుని, మొగుణ్ణి ఆటోలో అనకాపల్లి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టర్ సంధ్యారాణి సంచి మొత్తం బల్లమీద బోర్లించింది. "ఈ మాత్ర ఎప్పటినుంచి? నొప్పులు ఎప్పటినుంచి?" ఆ రెండు ప్రశ్నలూ కలిపి అడిగింది ఆవిడే మొదలు.

రక్తపరీక్ష చూశాక చెప్పింది: "కొలెస్ట్రాల్ మాత్ర ఎక్కడో కొద్దిమందికి కండరాల్ని దెబ్బతీస్తుంది. దగ్గుకు రాసిన ఈ యాంటీబయాటిక్ తోడయ్యేసరికి మీ ఒంట్లో దాని జోరు పెరిగిపోయింది. కండ దెబ్బతిని మూత్రంలో పోతోంది. ఇంకో రెండ్రోజులాగితే కిడ్నీల మీదికొచ్చేది."

ఆ మందులు ఆపించి వారంపాటు సెలైన్ పెట్టారు. రెండు నెలలు గడిచాక గానీ శామ్సన్ తనంతట తాను లేవలేకపోయాడు. గుండె సంగతి మరవకూడదని ఆవిడ వేరే రకం మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెట్టింది. నొప్పొస్తే ఆ రోజే రమ్మంది.

ఆసుపత్రి కాగితాలు పట్టుకుని అతను మొదటి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు.

"కొందరికలా అవుతుంది," అన్నాడాయన, పేజీ తిప్పకుండానే.

"నాను ముందే సెప్పేను గదండి."

"రోజుకు ఎనభైమందిని చూస్తాను. ఎవరేం చెప్పారో గుర్తుంటుందా?"

శామ్సన్ నోట్లో చేదు ఊరింది. అక్కడే ఉమ్మేయాలనిపించింది. కాగితాలు లాక్కుని, ఆయన వేళ్ళు తగిలినచోట తువ్వాలుతో తుడిచి బయటికొచ్చేశాడు. సోమవారం బుచ్చయ్యపేటలో ఒక బడి వరండాకు టైల్స్ పని మొదలుపెట్టాడు. అరగంటకోసారి లేచి నడవాలని సంధ్యారాణి చెప్పింది. నడుస్తున్నాడు.