మా బావ మంచి చెయ్యి, నా బౌలింగ్ బాలు

మా ఇంట్ల మంచి చెయ్యి అంటే మా బావది. బావంటే మా ఆయనకు అన్న, హన్మకొండ చౌరస్త కాడ ఉన్న మా స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణానికి పెద్ద. ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా మొదాలు ఆయన చెయ్యి పడాలె. ఫ్రిజ్ అయినా అంతే, కుట్టుమిషన్ అయినా అంతే. ఆఖరికి నేను కండ్లద్దాలు తెచ్చుకున్నా ఆయన ఓసారి పట్టుకొని ఇయ్యాలె, ఆ వేలిముద్రలు తుడుచుకొని నేను పెట్టుకోవాలె. ఆయన చెయ్యి పడ్డ ఫ్రిజ్ రెండేండ్లల్ల మూడుసార్లు ఖరాబైంది. అది మాత్రం ఎవ్వలూ యాదికి పెట్టుకోరు.

అసోంటి ఇంట్ల ఉండి నేను బౌలింగ్ బాలు కొనుక్కోవాలనుకున్న.

క్రికెట్ బాలు కాదు. మా దగ్గరి మాల్‌ల పై అంతస్తుల నున్నటి చెక్క బాట ఉంటది. దాని చివర సీసల తీరు తెల్లటి పిన్నులు పది నిలబెడ్తరు. మూడు తూట్లున్న బరువైన బాలును వేళ్లు పెట్టి ఎత్తి, దొర్లించి, వాటిని పడగొట్టాలె. మా గల్లీ ఆడోళ్లు ఒకసారి కిట్టీ పార్టీ అక్కడ పెట్టిన్రు. ఆడనీకి వచ్చిన్రనుకునేరు, ఫొటోలకు వచ్చిన్రు. ఒకామె పట్టుచీర మీదికి వాళ్లిచ్చిన బూట్లు తొడుక్కొని, బాలును చంటిపిల్ల లెక్క ఒళ్లె పెట్టుకొని, అర్ధగంట ఫొటోలు దిగింది. పక్క బాట మీద నలుగురు మొగోళ్లు. బలమంతా చూపెట్టాలని బాలును గాల్లెకు లేపి దబ్బున పడేస్తాన్రు, అది సీదా పక్కనున్న కాలువల పడి పోతాంది. ప్రతిసారి వాళ్లు బాలు దిక్కు కోపంగ చూస్తాన్రు, తప్పు దానిదైనట్టు.

నా వంతు వచ్చింది. ఇరవై ఆరేండ్ల సంది ఇత్తడి గంగాళాలు, బిందెలు అటకెక్కిచ్చి దించిన చెయ్యి నాది. నాకు ఆ బరువొక లెక్క కాదు. దొర్లిచ్చిన, తొమ్మిది పడ్డయి. పదోది అటిటు ఊగి మల్ల నిలబడ్డది. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

అప్పటి నుంచి దుకాణం బందుండే రోజు నేను అక్కడికి పోవుడు మొదలుపెట్టిన. గుడికి పోతాన్నని అబద్ధం చెప్పలే, ఆటకు పోతాన్న అనే చెప్పిన. ఎవ్వలూ వద్దనలే. వద్దనాలంటే ముందు అదొక పని అనుకోవాలె కదా. మా ఆయన మాత్రం "గుండాటకు పోతాంది" అని గిరాకులకు చెప్పి నవ్వెటోడు. ఆయనకు నవ్వొచ్చే సంగతులు తక్కువ, అందుకే ఒక్కటి దొరికితే నెలల కొద్ది వాడుకుంటడు.

అక్కడి బాలులు అందరియి. తూట్లు అందరికి పట్టేటట్టు చేస్తరు, అంటే ఎవ్వలకూ సరిగ్గ పట్టవు. లోపల వేలు పెడితే ముందటోడు తిన్న చిప్స్ నూనె తగుల్తది. నా బొటనవేలు వదులుగ ఆడేది. జారకుంట గట్టిగ పిసికి పట్టుకునేసరికి మణికట్టు గుంజేది. నాకు అక్కడ ఆట నేర్పిన మేనేజరు పెద్దమనిషి. ఒకరోజు నా మణికట్టు చూసి, "మేడం, మీరు సొంత బాలు తీసుకోండి. పన్నెండు పౌండ్లది చాలు. తూట్లు లేకుండనే వస్తది. హైదరాబాద్ దుకాణంల మీ చెయ్యి కొలిచి, మీ వేళ్లకే తొలుస్తరు. ఇగ అది వేరేటోళ్లకు పనికిరాదు" అన్నడు.

వేరేటోళ్లకు పనికిరాదు అన్న మాట ఇంటికొచ్చే దాక నా చెవులల్ల తిరిగింది. మా ఇంట్ల నా చీర అక్క కట్టుకుంటది. అక్కంటే బావ భార్య, నాకు తోటికోడలు. నా ఫోను మా ఆయన తీస్తడు. నాకు నచ్చి తెచ్చుకున్న రాగి చెంబు గిరాకి అడిగితే లోపల్నుంచి తెచ్చి అమ్మిన్రు. పెండ్లయి వచ్చినకాంచి నా చెయ్యి సైజు ఎంతో తెల్సినోడు గాజులమ్మే ఆయన ఒక్కడే. నా చేతికి తప్ప ఇంకో చేతికి ఒదగని వస్తువు ఒక్కటంటే ఒక్కటి నాకు కావాల్ననిపించింది. పట్టువట్టిన.

బావ ప్రతి నెల దుకాణం సరుకు కోసం హైదరాబాద్ పోతడు. "నేను తెస్త కద, నీకెందుకమ్మా ఫికర్" అన్నడు. పెండ్లిళ్ల సీజను, నేను దుకాణం ఇడిచి కదిలేటట్టు లేదు. అన్నం తినుకుంట, "పన్నెండేంది, పదహారుది కూడ ఉంటదట కద. బరువుంటేనే సామాను" అన్నడు. ముప్పై ఏండ్లు కిలోల లెక్కన అమ్మినాయన, ఆయనకు లోకంల ఏ వస్తువైనా కాంటా మీదనే కనవడ్తది.

"బావ, నేను దాన్ని అమ్ముతలేను, ఎత్తుతాన్న" అన్న. మా ఆయన నా దిక్కు చూసి నోరు మూసుకో అన్నట్టు కండ్లు చేసిండు. ఆఖరికి పన్నెండుకు ఒప్పుకున్నడు.

ఇగ కొలత సంగతి. మా ఇండ్లల్ల ఆడోళ్లకు చెప్పులు తేవాలంటే చీపురుపుల్లను కాలి పొడుగు విరిచి మొగోళ్ల జేబుల పెడ్తరు. ఆడోళ్లు చెప్పుల దుకాణానికి పోవుడు ఉండదు, పుల్ల పోతది. నేను గూడ అదే చేసిన. బొటనవేలు నుంచి నడిమి వేలు దాక ఒక పుల్ల, వేళ్ల లావుకు చుట్టి ముడేసిన దారాలు, అన్ని కవర్ల పెట్టి బావకు ఇచ్చిన. చెయ్యే పోవాలె మేడం, పుల్లలు నడువయ్ అని మేనేజరు ముందే చెప్పిండు. చెప్పులకు నడిచింది దీనికి నడువదా అనుకున్న. అందరిని అంటాన్న గాని, నాదీ ఆ ఇంటి తెలివే.

హైదరాబాద్ పోయిన తెల్లారి మధ్యాహ్నం బావ డబ్బ పట్టుకొని వచ్చిండు. నీలం రంగు చెప్పిన, ఎర్రది తెచ్చిండు, శుభమట. దేవుని అర్రల బిందె కింద పెట్టే చుట్టకుదురు వేసి, దాని మీద బాలును కూసోబెట్టిండు. పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టిండు. ఇత్తడిని చూసినట్టు వేలి గణుపుతోని కొట్టి, చెవి పెట్టి, "గట్టి మాలు" అన్నడు. అందరు నా దిక్కు చూస్తాన్రు. నాకు నిజంగనే సంబురమైంది, అది దాచిపెట్టను. పోయి బొటనవేలు పెట్టిన.

బావిల బకెటు పడ్డట్టు పడ్డది. తూటుల ఇంకో వేలు పట్టేటంత జాగ. మిగిలిన రెండు వేళ్లు ఎంత సాపినా వాటి తూట్ల అంచుకు గూడ అందలే.

"బావ, పుల్లలు ఇయ్యలేదా?" అన్న.

"ఇచ్చిన. పుల్లలు వద్దు, చెయ్యి కావాలె అన్నడు. నా చెయ్యి పెట్టిన."

"ఆడేది నేను కద బావ."

"ఆడేది నువ్వే అమ్మా, బోణీ నాది. మంచి చెయ్యి పడ్డది, నీకు కలిసొస్తది. రెండు రోజులు ఆడు, అలవాటైతది."

ప్రేమతోనే అన్నడు. అందుకే ఇంకా కడుపు మండింది. పాపం అని ఊకుందామంటే, ఆ ముఖంల ఎంత తృప్తో. మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "తూటుల గుడ్డ పెట్టుకో, పెద్దాయన మనసు నొచ్చుకుంటది" అన్నడు. అక్క వచ్చి గిన్నెలు తోమే స్పాంజి పెట్టమన్నది. వేళ్లు పొడుగు చేసుకునే ఉపాయం మాత్రం ఎవ్వలూ చెప్పలే.

దాన్ని మాల్‌కు తీసుకపోయి మేనేజరుకు చూపెట్టిన. ఆయన తన చెయ్యి పెట్టి చూసుకున్నడు, ఆయనకే వదులైంది. తూట్లు పూడ్చి మల్ల కొత్తగ తొలవొచ్చన్నడు. ఆ మాట ఇంట్ల చెప్పినంక అక్క గుండెల మీద చెయ్యి పెట్టుకున్నది. మంచి చెయ్యి తూట్లు పూడిస్తే ఇంటికి అరిష్టమట. బావ ఆ పూట కూర ముట్టకుంట ఉత్త మజ్జిగన్నం తిని లేచిండు. ఆయన సగం తింటే ఇంట్ల అందరు సగం తినాలె. నేను మాత్రం కడుపు నిండ తిన్న.

దుకాణం బందున్న రోజు పొద్దున్నే ఒక్కదాన్నే హైదరాబాద్ బస్సెక్కిన. బాలు సంచిల, సంచి ఒళ్లె. గుమ్మడికాయనా అమ్మా అని కండక్టరు అడిగిండు, అవునన్న.

తొలిచేటాయన బాలును చూడంగనే గుర్తుపట్టిండు. "ఆ సార్ పుల్లలు చూపెట్టిండు మేడం. ఆడేటామెను తీసుకరండి అని నేనన్న. ఆమె చెయ్యి, నా చెయ్యి ఒక్కటే అన్నడు" అని చెప్పిండు.

ఒక్కటేనట. నేను కుర్చీల కూసొని గాజులు పైకి జరుపుకొని చెయ్యి సాపిన. ఆయన ఒక్కొక్క వేలును వేరే వేరే తూట్లల్ల పెట్టిచ్చి చూసుకుంట, ఇక్కడ బిగువుందా, ఇక్కడ వదులుందా అని అడుగుకుంట, కాయిదం మీద రాసుకున్నడు. నొప్పి ఉంటే చెప్పాలె అన్నడు. నా చెయ్యికి ఏమన్న నొప్పుందా అని అడిగినోళ్లు ఎవ్వలని సోంచాయించిన, ఒక్క పేరు యాదికి రాలే. ఏడుపొచ్చింది, మిషన్ దుమ్మని చెప్పి కొంగుతోని కండ్లు తుడుచుకున్న. పూడ్చింది గట్టిపడాలె, వారమాగి రమ్మన్నడు. మల్ల పోయి తెచ్చుకున్న.

ఈసారి బొట్టు పెట్టలే, కొబ్బరికాయ కొట్టలే. నడిమింట్ల అదే చుట్టకుదురు మీద పెట్టి మంచినీళ్లు తాగనీకి పోయిన. వచ్చేసరికి బావ ఒంగి దాని మీద చెయ్యి పెట్టి ఉన్నడు. అలవాటు. కొత్తగ తొలిచిన వస్తువు కద, మల్ల బోణీ చేస్తాండు. బొటనవేలు గోరు దాటి లోపలికి పోలే. తిప్పిండు, ఒత్తిండు, నడిమి వేలు పెట్టి చూసిండు. పోలే. నేను గ్లాసు పట్టుకొని చూసుకుంట నిలబడ్డ.

ఆయన బాలును చూసిండు, గ్లాసు పట్టుకున్న నా చెయ్యిని చూసిండు. "నీ చెయ్యి గింత చిన్నదా అమ్మా?" అన్నడు.

ఇరవై ఆరేండ్ల సంది రెండు పూటల ఆయన పల్లెంల అన్నం పెట్టేది ఈ చెయ్యే.