బాగుచేసిన బోర్డులు

మా మాస్టారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను అండమాన్ ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో ఉన్నాను. బస్సు పట్టుకుని పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు. దక్కినా ఏ మొహం పెట్టుకుని చూసేదాన్ని?

పాలిటెక్నిక్‌లో ఆయన దగ్గరే చదివి, ఆయన ల్యాబ్‌లోనే అసిస్టెంట్‌గా చేరాను. సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో అందరూ చెబుతారు. ఎలా చెడిపోతుందో ఈయన చెప్పేవారు. "ఈ తీగ మీద ఏం పంపినా సిగ్నల్ సున్నా దగ్గరే ఇరుక్కుపోయిందనుకో బేటా. ఏ ఇన్‌పుట్ ఇస్తే దాని గుట్టు బయటపడుతుంది?" అని అడిగి, మేం బుర్ర గోక్కుంటుంటే తాపీగా చాయ్ తాగేవారు. "టెస్టు పాసైతే సర్క్యూట్ బోర్డు బాగుందని కాదమ్మా. మనం ఊహించిన ఫాల్టులు లేవని, అంతే" అనేవారు. క్లాసుకి తెచ్చే పాడైన బోర్డుకి, ఫాల్టు ఏమిటో రాసి చీటీ ఎప్పుడూ అంటించేవారు కాదు. రాసిపెడితే చూడటం మానేస్తారని ఆయన భయం.

రెండేళ్ళ కిందట ఆయన నెల్లాళ్ళు ఆస్పత్రిలో ఉన్నారు. అప్పుడు ల్యాబ్ సర్దుతూ ఆయన బీరువా తెరిచాను. నలభై దాకా పాడైన బోర్డులు. రిపేరుకొచ్చి మిగిలిపోయాయనుకున్నాను. వచ్చేసరికి సంతోషపెడదామని తుప్పు గీకి, కడిగి, టంకాలు పెట్టి అన్నీ బాగుచేసేశాను. ఏం తెలివమ్మా నాది!

ఆయన తిరిగొచ్చి ఒక్కొక్కదానికీ కరెంటు పెట్టి చూశారు.

"అన్నీ బాగుచేసేశావా?"

"హా సార్," అన్నాను, గొప్పగా.

అప్పుడు చెప్పారు. మా దీవుల ఉప్పుగాలికి వచ్చే ఫాల్టులు పుస్తకాల్లో లేవట. వానరోజు రెండు లైన్లు కలిసిపోయి, ఎండ కాస్తే విడిపోయే రకం. పడవల్లోంచీ, షాపుల్లోంచీ అడిగి తెచ్చి ఇరవై ఏళ్ళుగా దాచారట. ఒక్కోదాన్నీ కొలిచి, అది ఎలా చెడుతుందో మోడల్ రాసి, పిల్లలకి పుస్తకంగా ఇద్దామని. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పుస్తకం మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు డైరీ ఫార్మ్ పేటలో మా వంటింటి కిటికీ దగ్గర ఉప్పునీళ్ళు చల్లిన బోర్డులు పెట్టుకున్నాను. కొన్ని పూర్తిగా చచ్చిపోయాయి. మిగతావి మామూలుగా పనిచేస్తున్నాయి. ఆయన దాచిన రకం ఒక్కటీ రాలేదు. ఇరవై ఏళ్ళ గాలి నేనెక్కణ్ణుంచి తేను?

ఈ పొద్దున్న వాన పడుతుంటే, ఒక్కదాంట్లోనైనా లైన్లు కలుస్తాయేమోనని మిగిలినవాటికి మళ్ళీ కరెంటు పెట్టి చూశాను. చిన్న ఎర్రదీపాలు వరసగా, ఒక్క తప్పూ లేకుండా వెలిగాయి.