సావిడిలో దూది పట్టిన చేపలు

మా తాతగారు ఊరి తగవులు తీర్చిన సావిడిలో నేను రంగుచేపలు అమ్మాను. ఈ మాట చెప్పడానికి నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. పొలాలు పోయాయి. కొన్ని కోర్టుల్లో పోయాయి, కొన్ని భూపరిమితి చట్టంలో పోయాయి, తక్కినవి మావాళ్ల దర్జాలో కరిగిపోయాయి. ఇల్లొకటి మిగిలింది. ఆ ఇంటి దూలాలు అమ్ముకు తినమని సలహా ఇచ్చిన బంధువులున్నారు గాని, పని చేసుకు తినమన్నవాళ్లు ఒక్కరూ లేరు.

నాన్నగారి తమ్ముడు, మా బాబాయి, మధ్యన గోడ కట్టించుకుని పక్కవాటాలో ఉండేవారు. నేను సావిడిలో మొదటి గాజుతొట్టె పెట్టిన రోజున గుమ్మం దగ్గర నిలబడి చూశారు.

"ఏరా, చేపలు పెంచడానికి చెరువుల్లేవా? మన సావిడే దొరికిందా?"

"చెరువులు మీరు అమ్మేశారు కదా బాబాయ్."

ఆ తరవాత ఆయన సావిడి ముందునించి నడవడం మానేసి పెరటిదారిన తిరిగేవారు. నాకు వెలుతురు బాగా వచ్చేది.

ఎనభైల మొదట్లో ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. మస్కట్‌లో వెల్డింగు పని చేసి, పలివెల రోడ్డు పక్కన కొత్తగా మేడ కట్టుకున్నాడు. ఆయన తండ్రి బతికినన్నాళ్లూ మా అరకలు తోలినవాడు. ఏదైనా చెప్పాల్సొస్తే మా చూరు కింద నిలబడి చెప్పి వెళ్లేవాడే గాని మెట్టెక్కిన మనిషి కాదు. కొడుకు తన మేడ హాలు గోడలోనే ఒక పెద్ద గాజుతొట్టె కట్టించాడు.

"ఏవండీ, గోల్డ్ ఫిష్ కావాలండి. మా గృహప్రతిష్ఠ నాటికి అందులో తిరుగుతా ఉండాలండి. పాస్టరుగారొస్తారు, చర్చివాళ్లందరూ వస్తారు" అన్నాడు.

తన తండ్రి మా నాన్నగారిని పిలిచినట్టు నన్ను 'బాబుగారూ' అనలేదు. అది నాకు నచ్చింది. అమ్మేవాడు, కొనేవాడు, మధ్యలో చేప. అంతకన్న మర్యాద నేను ఎవరినీ అడగలేదు.

చేపలు కలకత్తా నించి మెయిలు బండిలో రాజమండ్రి వచ్చేవి. గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు, వాటిని పెట్టిన తగరపు డబ్బాలు, వాటి చుట్టూ గోనె. అక్కణ్ణించి రావులపాలెం వంతెన మీదుగా బస్సు టాపు మీద మా కొత్తపేటకి. ఆ దఫా అసలే పుష్యమాసపు చలి. ఆపైన బండి ఆలస్యంగా వచ్చింది. సంచులు విప్పకుండానే తెలిసిపోయింది, నీళ్లు గంజిలా ఉన్నాయి. కాసేపు సంచులు తొట్టెలో తేలనిచ్చి, ఆ నీళ్లు తొట్టెలో పడకుండా చేపల్ని ఒక్కొక్కటిగా చేత్తో మార్చాను. ఒకదాని తోక మొదట్లో ఆవగింజంత తెల్లగా కనిపించింది. మర్నాటికి అది దూదిపింజ అయింది. అలాంటివి మరికొన్నింటికి రెక్కల మీద, ఒకదానికి కంటి మీద.

చేపకి బూజు పట్టడం గురించి నేను నేర్చుకున్నదంతా చేపల్ని పోగొట్టుకునే నేర్చుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న చేపని బూజు ఏమీ చెయ్యదు. ఇరుకు సంచిలో ఒకదాన్నొకటి గీరుకుని, పొలుసు ఊడి, చలికి నీరసించి వచ్చినదాని మీద పడుతుంది. చూసినవాడికి ఆ దూదిని గిల్లి పారెయ్యాలనిపిస్తుంది. గిల్లితే దాని కింది కండ కూడా వస్తుంది. రోగం కనిపించినవాటినీ, వాటితో ఒకే సంచిలో వచ్చినవాటినీ సిమెంటు కుండీల్లోకి మార్చాను. కాలవ నీళ్లు ముందురోజే తెచ్చి నిలవబెట్టి, కల్లుప్పు వేరే బిందెలో కరగబెట్టి కొంచెం కొంచెంగా కలిపాను. రాజమండ్రి మందులషాపు నించి తెచ్చిపెట్టుకున్న నీలిమందు, తెల్లబట్టకి నీలం పెట్టినంత పల్చగా వేశాను. వెలుతురు తగిలితే ఆ మందు పనిచెయ్యదు, అందుకని కుండీల మీద గోనెలు కప్పాను. మేత ఆపేశాను. మరీ ముదిరినవాటిని తడిపిన పంచెలో పొదివి పట్టుకుని, పుండు మీద మాత్రం మందు అద్ది, ఊపిరి అందకుండా పోయేలోపు నీళ్లలో వదిలేవాణ్ణి. నా వేళ్లన్నీ నీలంగా మారాయి. ఆ వేళ్లతోనే అన్నం తిన్నాను.

అమ్మ వచ్చి ఒక కుండీ గోనె ఎత్తి చూసింది.

"అమ్మవారు పోసిందిరా వీటికి" అని సావిడి గుమ్మానికి వేపమండ కట్టింది. "ఈ మండ ఉన్నన్నాళ్లూ ఇంట్లోంచి ఒక్కటి కూడా బయటికి పంపకూడదు."

ఆ మండ నేను తియ్యలేదు. చేపకి అమ్మవారు పొయ్యదని నాకు తెలుసు. కాని గడప దాటించకూడదనే ఆవిడ మాట నా వైద్యానికి సరిగ్గా సరిపోయింది.

గృహప్రతిష్ఠకి ఇంక రెండు రోజులే ఉంది. చేపలు ఇప్పుడే ఇవ్వలేనని కబురు పెట్టాను. ఎందుకివ్వలేనో కూడా చెప్పి పంపాను. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ సాయంత్రం మా బాబాయి కాఫీ హోటల్లో కూర్చుని, "మావాడికి ఇప్పటికి బుద్ధొచ్చింది. ఆ ఇంటికి చేపలు మొయ్యనన్నాడు. ఎంతైనా రక్తం ఎక్కడికి పోతుంది!" అని అందరికీ కాఫీ చెప్పారట. ఆయన కాఫీ చెప్పడం ఊళ్లో వార్తే. మాట పలివెల రోడ్డు దాకా పాకడానికి ఎంతో సేపు పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మోటారుసైకిలు మా చూరు దగ్గర ఆగింది. మస్కట్ ఆయన దిగలేదు.

"బాబుగారూ! దణ్ణాలండి!" అన్నాడు, వీధంతా వినపడేలా. "మా ఇంటికి చేపలు తేవడానికి నామోషీగా ఉందాండీ? ముందే చెప్తే కాకినాడ నించి తెప్పించుకుందునండి, ఆయ్."

"లోపలికొచ్చి చూడండి."

"మా నాన్న ఎక్కని మెట్లండి అవి."

"మీ నాన్నగారిని ఎక్కనివ్వనివాళ్లలో ఒక్కరే మిగిలారు. ఆయన ఈ దారిన రావడం మానేశారు. ఎక్కండి."

బండి దిగి స్టాండు వేశాడు. తరవాత చెప్పులు విడిచి ఎక్కాడు. నేను గోనె తీశాను. నీలపు నీళ్లలో చేపలు మూలకి చేరి, రెక్కలు ముడుచుకుని ఉన్నాయి. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"ఇదేంటండి, దూదిలాగ?"

"బూజు. దారిలో పట్టింది."

"రేపటికి పోదాండీ?"

"పోదు."

"బాగున్నవి నాలుగు ఏరి ఇవ్వండి. ప్రార్థన అయ్యేదాకా తిరిగితే చాలు. ఆనక చస్తే చావనివ్వండి."

"బాగున్నట్టు కనపడేవి కూడా ఆ సంచుల్లో వచ్చినవే. ఇవ్వను."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. "నాకు మీ మాట అర్థమైందండి. రేపొచ్చే జనానికి అర్థం అవదు. ఖాళీ తొట్టె చూసి ఏమంటారండి? పెద్దింటోళ్లు వీళ్లకి చేప కూడా అమ్మలేదంటారు. మీ బాబాయిగారు అదే చెప్తన్నారు. నేను కట్టుకున్న ఇంట్లో, నా తొట్టె ముందు నిలబడి ఆ మాట వినాలా నేను?"

నాలుగు చేపలు ఏరి ఇచ్చేస్తే ఆ మాట పుట్టదు. బాబాయి నోరూ మూతపడుతుంది. నాలుగు చేపలు ఒక్క పూట ఈదితే చాలు. కాని రోగం ఉన్న సరుకుని తెలిసి తెలిసి ఆ ఇంటికి పంపితే, మా వాళ్లు ఆ మనుషుల్ని చూసిన చూపుకీ నా చూపుకీ తేడా ఏముంటుంది?

"రేపు నేను వస్తాను. ఎవరేమడిగినా నేను చెబుతాను" అన్నాను.

"మిమ్మల్ని పిలవలేదుగా అండి."

"పిలవండి."

మీసం కింద నవ్వాడు. "భోజనానికి కూడా ఉండాలండి మరి" అన్నాడు. అది పిలుపు కాదు, పందెం.

మర్నాడు ఇస్త్రీ పంచె కట్టుకుని వీధిదారినే బయలుదేరాను. బాబాయి ఎదురొచ్చారు, వీధిలోనే.

"ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నావంటే నీకూ నాకూ మధ్య ఏమీ ఉండదు."

"గోడ ఉంది కదా బాబాయ్. మీరే కట్టించేరు" అని నడిచాను.

మొజాయిక్ హాలు నిండా జనం. గోడలో తొట్టె, లోపల బల్బు, తెల్లటి గులకరాళ్లు, తేటనీళ్లు. ప్రార్థన అయ్యింది. వెనకనించి ఎవరో అననే అన్నారు:

"పెద్దింటి చేపలు కదండీ, పరువు అడ్డొచ్చి ఆగిపోయినట్టున్నాయి."

నవ్వులు లేచాయి. నేను నిలబడ్డాను. "చేపలకి జబ్బు చేసిందండి. నా దగ్గరే వైద్యం జరుగుతోంది. నయమైనాక నేనే తెచ్చి వదుల్తాను. ఇందులో ఈ ఇంటాయన తప్పు గాని, మా ఇంటి పరువు గాని ఏమీ లేదు" అని నీలపు వేళ్లు చాచి చూపించాను. నవ్వులు ఆగాయి.

వరసలో కూర్చున్నాను. వడ్డిస్తున్నది ఆ ఇంటాయన తల్లి. నా విస్తరి దగ్గర గరిటె ఆపి నా వేళ్లకేసి చూసింది.

"చేపకి జబ్బు చేస్తే గడప దాటనివ్వలేదు మీరు" అంది, గొంతు పెంచకుండా. "మా ఆయన చలిజ్వరంతో మీ అరక తోలేరు బాబూ. మీ లోగిట్లోంచి ఒక్కరూ ఇంటికాడ ఉండిపొమ్మన్లేదు."

వరసలో చేతులు ఆగాయి. నేను లేచి వెళ్లిపోతానని కొందరు చూశారు. ఆమె కొడుకు "అమ్మా" అన్నాడు.

"చెప్పనివ్వండి" అన్నాను. ఆమెతో, "లేదమ్మా. ఎవరూ అనలేదు" అన్నాను. క్షమించమనడం చవకబారుగా తోచింది. లేచి వెళ్లడం అంతకన్న చవక. వీపు వంచకుండా కూర్చుని ఆమె వడ్డించింది తిన్నాను. ఇంకాస్త అన్నం పెట్టమని అడిగాను. ఆమె పెట్టింది.

చేపల్లో కంటి మీద దూది పట్టినదీ, మరికొన్నీ చచ్చిపోయాయి. మిగిలినవి నీలం నీళ్లలోంచి మామూలు నీళ్లకి వచ్చి, మేత అందుకుని, తోకలు విప్పాక, బిందెల్లో పెట్టుకుని పట్టపగలు తీసుకెళ్లి ఆ తొట్టెలో వదిలాను. ఆమె స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని చూసింది. "నీరసంగా ఉందేంటి బాబూ, ఆ చివరిది?" అని అడిగింది.

"కొత్త చోటు కదమ్మా. రేపు మళ్లీ వచ్చి చూస్తాను" అన్నాను. వెళ్లాను కూడా.